బాపట్ల ఇంజను

జాన్ సైదా అబద్ధం ఆడుతున్నాడని బసవేశ్వరరావుకి చెప్పింది గుప్పెడు ఇసుక.

ఆదివారం పొద్దున, తెనాల్లో బసవేశ్వరరావు ఇంటి పెరట్లో, సైదా పనిముట్ల సంచి బోర్లించి స్పానరు కోసం వెతుకుతున్నాడు. సంచి అడుగు నుంచి సన్నటి తెల్లటి ఇసుక జలజలా రాలింది. దాని వెనకే ఎండు సరుగుడు పుల్లలు.

"ఇసుకెక్కడిదిరా?" అన్నాడు బసవేశ్వరరావు.

"మా వీధిలో ఎవరో ఇల్లు కడుతున్నారు. సంచి ఆ గుట్ట మీద పెట్టుంటాను."

"ఓహో."

ఓహో అన్నాడే గాని ఆ మాట గొంతు దిగలేదు. ఇళ్ళు కట్టే ఇసుక కృష్ణ నుంచి వస్తుంది, ముతకగా ఉంటుంది. ఇది సముద్రపు ఇసుక. తెనాలిది నల్లరేగడి. వాన పడితే కాలికున్న చెప్పు ఊడబెరుకుతుంది, ఎండ కాస్తే నోరు తెరుస్తుంది. తెల్ల ఇసుక, సరుగుడు తోటలు కావాలంటే బాపట్ల వైపు పోవాలి. బాపట్లలో సైదాకి చుట్టాల్లేరు, బేరాల్లేవు.

మరి ఎందుకెళ్ళాడు? వెళ్ళినవాడు ఎందుకు దాచాడు?

వాళ్ళిద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. బసవేశ్వరరావుది పొలాలున్న కుటుంబం. పొలం కౌలుకిచ్చి మెయిన్ రోడ్డులో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు పెట్టాడు. సైదాది లేతు మిషను షాపు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి రేపల్లె బండి చూడ్డానికి రైలు కట్ట పక్కన కాపు కాసిన జంట. యాభై దాటాక ఆ పిచ్చి తిరగబెట్టింది. రెండు వేల రెండులో పెరట్లో బొమ్మ రైలు కట్ట మొదలైంది. నూతి పక్కన తెనాలి. అరటి చెట్ల దగ్గర వేమూరు. నీళ్ళ ట్యాంకు మలుపులో భట్టిప్రోలు. ట్యాంకు అవతల, నిమ్మచెట్టు కింద రేపల్లె. ఇనప బద్దలే పట్టాలు, టేకు ముక్కలే స్లీపర్లు. నేల ఉబ్బినప్పుడల్లా కట్ట వంకర పోతుంది, మళ్ళీ కంకర పోసి నిలబెట్టాలి. కరెంటు పెట్టె బసవేశ్వరరావు చేతి పని. దాన్ని ఒళ్ళో పెట్టుకుని మీట తిప్పితే పట్టాల్లోకి కరెంటు పారుతుంది, బండి కదులుతుంది. ఇంజను సైదా చేతి పని.

ఆ మొదటి ఇంజను బక్కది. ట్యాంకు దగ్గర ఎత్తు ఎక్కలేక ఆయాసపడేది. పెట్టెలన్నిటినీ ఏకబిగిన రేపల్లె దాకా లాగే పెద్ద ఇంజను చేసిస్తానని సైదా మాటిచ్చి ఏడాది దాటింది. అది వచ్చిన రోజే లైను ప్రారంభం అని ఇద్దరూ అనుకున్నారు. అడిగినప్పుడల్లా "అవుతోందిరా" అంటాడు. ఈమధ్య ఆదివారాలు కూడా ఎగ్గొడుతున్నాడు. రేపల్లెలో చెల్లెలు ఇష్రత్‌కి ఒంట్లో బాగోలేదట, చూసి రావాలట.

మర్నాడే బసవేశ్వరరావు రేపల్లె బండెక్కాడు. చేతిలో ఆపిల్ పళ్ళ కవరు. పరామర్శకి వెళ్ళేవాడు ఖాళీ చేతుల్తో వెళ్ళకూడదు కదా, పరామర్శ దొంగదైనా సరే.

ఇష్రత్ వాకిట్లో మంచం వేసి వడియాలు పెడుతోంది. రోగం ఆ వీధికి కూడా వచ్చినట్టు లేదు.

"రండన్నయ్యా! ఏంటి, దారి తప్పారా? వదినని తీసుకురాలేదే?"

"నీకు బాగోలేదని తెలిసిందమ్మా."

"నాకా? ఎవరా అన్నది? గుండ్రాయిలా ఉన్నాను."

"అదే... సైదా ప్రతి ఆదివారం వస్తున్నాడుగా."

"ఏం రావడం! రంజాన్‌కి వచ్చిన మనిషి, మళ్ళీ తొంగి చూస్తే ఒట్టు. ఫోన్ చేస్తే బాపట్లలో ఎవరో తోమాసుగారి ఇంట్లో రైలు పని ఉందంటాడు. ఆ రైలు మీది కాదా అన్నయ్యా?"

బసవేశ్వరరావు పళ్ళ కవరు ఆమె చేతిలో పెట్టాడు. "నాదేనమ్మా" అన్నాడు.

తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చున్నాడు గాని వేమూరు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో తెలియలేదు. తోమాసు గారట. గారు! వాడికి రైలు. సైదా చేతుల్లో తయారైన రైలు. తన ఇంజను అవుతోందీ, అవుతోందీ అంటూ నానబెట్టి, తీసుకెళ్ళి ఆ గారి పెరట్లో పెట్టాడన్నమాట.

ఇంటికొచ్చాక అన్నం కెలికి వదిలేశాడు. భార్య కనకదుర్గ కంచం తీస్తూ అంది: "సవతి ఉందని తెలిసిన ఆడదానిలా ఆ మొహమేంటండీ?"

"నువ్వు ఊరుకో."

"నేనేం ఊరుకోను. ఇంకో రైలు పిచ్చాయన దొరికితే సైదా అన్నయ్యగారు వెళ్ళరా? ఆయన్నేమన్నా మీరు తాళి కట్టి తెచ్చుకున్నారా?"

ఆ మాటకి కడుపులో మంట ఇంకాస్త ఎగదోసినట్టయింది.

బుధవారం నాడు బసవేశ్వరరావు ముందు సైదా షాపు ముందునుంచి నడిచాడు. లేతు తిరుగుతోంది, సైదా దాని మీద వంగి ఉన్నాడు. మంచిది. కూరగాయల సంచి చంకలో పెట్టుకుని తిన్నగా స్టేషనుకి పోయి బాపట్లలో దిగాడు.

"తోమాసుగారా? రైలు మాస్టారా?" అన్నాడు రిక్షా అతను. "ఆయన ఇల్లు చిన్నపిల్లాడినడిగినా చెప్తాడండి. ఎక్కండి."

రైలు మాస్టారట! తెనాల్లో నాలుగేళ్ళుగా కట్ట వేస్తున్నా, బసవేశ్వరరావుని "ఫ్యాన్ల షాపాయన" అంటారే గాని ఇంకో మాట అన్నవాడు లేడు.

తోమాసు రిటైరైన స్టేషన్ మాస్టరు. పొడుగ్గా, తెల్ల బనియనుతో, మోకాళ్ళ దాకా ఇసుకతో గేటు తీశాడు.

"నా పేరు రాఘవయ్యండి. మాది ఈపురుపాలెం. చీరల వ్యాపారం. మీ రైలు సంగతి విని చూద్దామని..."

"అయ్యో, రండి రండి! చూస్తామన్నవాళ్ళే దేవుళ్ళండి మాకు."

పెరట్లోకి అడుగుపెట్టగానే బసవేశ్వరరావు నడుం కలుక్కుమంది. నాలుగేళ్ళు కంకర మోసిన నడుం అది. ఇక్కడ కంకర లేదు, ఉబ్బే నేల లేదు. తెల్లటి ఇసుకలో పట్టాలు దారం పట్టి లాగినట్టు పోతున్నాయి. సరుగుడు చెట్ల కింద గుంటూరు, సత్తెనపల్లి, మాచర్ల అని చిన్న చిన్న పసుపు బోర్డులు.

"నా సర్వీసంతా మాచర్ల లైన్లోనేనండి, పాతరోజుల్లో" అంటున్నాడు తోమాసు.

బసవేశ్వరరావు వినడం లేదు. గుంటూరు స్టేషన్లో ఇంజను నిలబడి ఉంది. మూరెడు పొడుగు. ఆకుపచ్చ రంగు. పొగగొట్టానికి ఇత్తడి కిరీటం. వంగి అంచు మీద బొటనవేలు పెట్టాడు. సైదా ఏ పని చేసినా అంచుని గోటితో రుద్ది చూసుకుని గాని చేతిలోంచి వదలడు. ఆ నునుపు ఇక్కడుంది. తన ఇంజను! ఏడాదిగా కలలోకొస్తున్న ఇంజను!

"ఎవరు చేశారండీ?" అన్నాడు, వేలు తియ్యకుండానే.

"మా డ్రైవరుగారు చేశారండి. సైదాగారని, తెనాలి. ఆ చెయ్యి బంగారం. ఈ లైన్లో బండి నడిపేది కూడా ఆయనే."

"మీరు నడపరా?"

"నేను మాస్టర్నండి. మాస్టరు ఇంజనెక్కకూడదు, డ్రైవరు సిగ్నలు ముట్టకూడదు. ఎవరి పని వాళ్ళది. అవతల స్టేషనువాడు లైన్ క్లియర్ ఇస్తేనే ఇవతల బండి కదలాలి. ఒక్కడే అన్నీ చేస్తే అది రైలెందుకవుతుందండీ?"

మా డ్రైవరుగారు! ఆ మాట దగ్గరే బసవేశ్వరరావు చెవులు మూసుకుపోయాయి. తర్వాతి మాటలన్నీ గాలికి పోయాయి.

లోపల ఫోను మోగింది. "ఒక్క నిమిషం, కూర్చోండి" అంటూ తోమాసు వెళ్ళాడు.

ఆ నిమిషంలో ఏం జరిగిందంటే బసవేశ్వరరావు కూడా సరిగ్గా చెప్పలేడు. చెయ్యి చాచాడు. ఇంజను సంచిలోకి దిగింది. మీద తువ్వాలు పడింది. గేటు చప్పుడు కాకుండా మూసుకుంది. స్టేషను చేరేసరికి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

బండి బయల్దేరాక, అప్పికట్ల దాటుతుండగా రైల్వే పోలీసొకడు పెట్టెలోకొచ్చాడు. లాఠీ కొనతో సంచిని తట్టాడు. ఠంగుమంది.

"ఏముంది పెద్దాయనా?"

బసవేశ్వరరావు సంచిని దగ్గరికి లాక్కున్నాడు. వంకాయలు అనబోయాడు. వంకాయలు ఠంగుమనవు. "రైలింజనండి" అన్నాడు, దాచేందుకు ఇంకేం తోచక.

పోలీసు పకపకా నవ్వాడు. "జాగ్రత్త మరి. పెట్టెలు ఎవడన్నా ఎత్తుకుపోతాడు" అని ముందుకి పోయాడు.

ఇంటికి చేరీ చేరగానే బసవేశ్వరరావు చెప్పులు కూడా విప్పలేదు. తిన్నగా పెరట్లోకి పోయి, నూతి పక్కన తెనాలి స్టేషన్లో, సంచి విప్పి ఇంజనుని రెండు చేతుల్తో ఎత్తి పట్టాల మీద పెట్టాడు.

ఇంజను పట్టాల మధ్యలోకి జారి స్లీపర్ల మీద చతికిలబడింది.

మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ పెట్టాడు. ఒక పక్క చక్రాలు పట్టా మీద ఉంటే రెండో పక్క చక్రాలు గాల్లో ఉన్నాయి. ఎంత జరిపినా రెండు వేళ్ళ తేడా.

కనకదుర్గ వంటింటి గుమ్మంలోంచి చూస్తోంది. "అది మన బండి కాదండీ" అంది నెమ్మదిగా. "ఇరుకు బండి. మా అమ్మమ్మావాళ్ళు పిడుగురాళ్ళ పోయేటప్పుడు ఎక్కేవాళ్ళే, ఆ బండి."

మాచర్ల లైను. మీటరు గేజి! తోమాసు నోటితో చెప్పాడు, బోర్డులు రాసి పెట్టాడు, పట్టాలు కాళ్ళ ముందే ఉన్నాయి. తెనాలి-రేపల్లె బ్రాడ్ గేజి లైనుని బెత్తెడు మీద వేలు కొలిచి మరీ వేసినవాడు, మూడు వేళ్ళ లైను ముందు నిలబడి పోల్చుకోలేకపోయాడు. కళ్ళు ఇంజను మీదే ఉన్నాయి మరి. ఈ ఇంజను ఎన్నడూ తన కోసం చేసింది కాదు. తను తెచ్చుకున్నది తన సొత్తు కాదు. పట్టపగలు ఒక పెద్దమనిషి ఇంట్లో దొంగతనం చేశాడు.

"ఈపురుపాలెం రాఘవయ్యగారూ! ఇంట్లో ఉన్నారా?"

పెరటి తలుపు తోసుకుని సైదా వచ్చాడు. చేతులకి లేతు నూనె అలాగే ఉంది.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు బసవేశ్వరరావు.

"తోమాసుగారు ఫోన్ చేశారు. చీరలాయన ఇంజనెత్తుకుపోయాడు, కానీ పోతూ పోతూ కరెంటు స్విచ్చి ఆపి, ప్లగ్గు కూడా పీకి, వైరు చుట్టి పెట్టి పోయాడన్నారు. లోకంలో అలాంటి దొంగ ఒక్కడేరా. మా అబ్బాయి ఫహీం పెళ్ళిలో బిర్యానీ వదిలేసి సీరియల్ లైట్ల ప్లగ్గులు సరిచేసినవాడివి నువ్వు."

బసవేశ్వరరావుకి సిగ్గు రావాల్సిన చోట కోపం వచ్చింది. "దొంగని నేనా? ఆదివారాలు దొంగతనంగా పోయింది నువ్వు! ఆరోగ్యంగా ఉన్న చెల్లెల్ని మంచాన పడేసింది నువ్వు! ఏడాదిగా నన్ను తిప్పుతూ, ముక్కూ మొహం తెలీనివాడికి చేసిపెట్టావ్. నా ఇంజనేదిరా?"

"అయిపోయింది."

"ఏంటి?"

"ఎప్పుడో అయిపోయింది. షాపులో గోనెపట్టా కింద ఉంది. ఇవ్వబుద్ధి కాలేదు."

కొళాయి కింద బకెట్టు నిండి పొర్లుతోంది. ఎవరూ కట్టేయలేదు.

"ఇస్తే ఏం చేస్తావ్?" అన్నాడు సైదా. "పట్టాల మీద పెడతావ్. పెట్టె ఒళ్ళో పెట్టుకుంటావ్. సైదా, నూనె పొయ్యరా. సైదా, పిల్లి అడ్డమొచ్చింది తోలరా. సైదా, భట్టిప్రోలు దగ్గర పడింది లేపరా. నాలుగేళ్ళలో ఒక్కసారి ఆ మీట నా చేతికిచ్చావా? నేను చేసిన ఇంజనురా అది. అది కదిలితే చేతికి ఎలా ఉంటుందో నాకు తెలీదు."

"నువ్వు అడగలేదుగా!"

"అడిగితే ఇచ్చేవాడివా?"

ఇచ్చేవాణ్ణే అనబోయాడు బసవేశ్వరరావు.

"తోమాసుగారు మొదటి రోజే మీట నా చేతికిచ్చి, ఆయన పోయి మాచర్లలో నిలబడ్డారు" అన్నాడు సైదా. "అదీ సంగతి."

కనకదుర్గ కొళాయి కట్టేసింది. "అన్నయ్యగారూ, కాఫీ తాగి పోట్లాడండి" అంది.

"వద్దు చెల్లెమ్మా. రేపు బాపట్ల పోవాలి. ఆ సంచి ఇటిప్పించు."

"నేను పట్టుకెళ్తా" అన్నాడు బసవేశ్వరరావు. "తెచ్చింది నేను."

"ఒంటరిగా పంపితే ఈసారి సరుగుడు చెట్లు పీక్కొస్తావ్. ఇద్దరం పోదాం పద."

మర్నాడు గేటు తీసిన తోమాసు వాళ్ళిద్దర్నీ చూశాడు, సంచిని చూశాడు. "రండి రాఘవయ్యగారూ! చీరలు బాగా అమ్ముడుపోతున్నాయా?" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బసవేశ్వరరావుకి ప్రాణం తేలికపడేది.

ఇంజనుని తనే పట్టాల మీద పెట్టాడు. చక్రాలు చక్కగా కూర్చున్నాయి. తోమాసు మాచర్ల వైపు నడిచాడు. సైదా మీట అందుకున్నాడు. అవతల గంట మోగింది, ఇవతల ఇంజను కదిలింది.

బసవేశ్వరరావు ఇంజనుని చూడలేదు. సైదా మొహాన్ని చూశాడు. రైలు కట్ట పక్కన, రేపల్లె బండి కూత వినపడగానే ఒక కుర్రాడికి వచ్చిన మొహం అది. తన పెరట్లో అది ఎన్నడూ కనపడలేదు. ఇప్పుడు మంట తోమాసు మీద కాదు, సైదా మీదే. నాలుగేళ్ళు పెట్టె ఒళ్ళో పెట్టుకున్న తనకి ఒక్కనాడూ అలాంటి ఆనందం రాలేదే! బండి ఎక్కడ పడిపోతుందోనన్న భయం తప్ప, ఎవరు ముట్టుకుంటారోనన్న కాపలా తప్ప ఏముంది తనకి?

తిరుగు రైలు నిడుబ్రోలు దాటింది.

"పెద్ద ఇంజను తీసుకురా" అన్నాడు బసవేశ్వరరావు కిటికీలోంచి బయటికి చూస్తూ. "కరెంటు పెట్టె నీ దగ్గరే ఉంచుకో."

"అలిగి అంటున్నావా?"

"ఏడుస్తూ అంటున్నా. తీసుకో."

సైదా నవ్వాపుకున్నాడు. "మరి నువ్వేం చేస్తావ్?"

"రేపల్లె చూసుకుంటా."

"ఇంకో మాట. ఆదివారాలు రెండు చోట్లా పంచుతా. బాపట్ల మాననురా."

"మానమన్నానా?" అన్నాడు బసవేశ్వరరావు. మానమనాలని నాలుక చివర ఉంది.

ప్రారంభం రోజున తోమాసు కూడా వచ్చాడు. రేపల్లె నుంచి ఇష్రత్ వచ్చింది, ఆరోగ్యంగా. నూతి దగ్గర తెనాల్లో సందడే సందడి. కుర్చీలు, కాఫీలు, కొబ్బరికాయ. నల్లగా నిగనిగలాడే పెద్ద ఇంజను వెనక పెట్టెలన్నీ బారుగా తగిలించి ఉన్నాయి. కరెంటు పెట్టె సైదా ఒళ్ళో ఉంది.

బసవేశ్వరరావు మాత్రం ఎవరూ లేని నిమ్మచెట్టు కింద నిలబడి ఉన్నాడు. నీళ్ళ ట్యాంకు అడ్డం. ఇక్కణ్ణుంచి తెనాలి కనపడదు, తెనాలి నుంచి ఇది కనపడదు. తన పెరడు, తను మోసిన కంకర, తను చేసిన పెట్టె. అందరూ చూసే రైలు తనొక్కడికే కనపడటం లేదు.

గంట మోగింది. బాపట్లలోలాగే ఇక్కడా పెట్టుకున్న పద్ధతి, తెనాలివాళ్ళు లైన్ క్లియర్ అడుగుతున్నారు.

జవాబు గంట కొట్టే మీట చేతి కిందే ఉంది. నొక్కలేదు. నొక్కకపోతే బండి కదలదు. అవతల ఇంజను, డ్రైవరు, చప్పట్లు కొట్టే జనం, అంతా తన వేలి కింద ఆగి ఉన్నారు. ఆ క్షణం ఎంత తియ్యగా ఉందో! ఇంకాస్త ఉండనిద్దాం అనుకున్నాడు.

ట్యాంకు అవతల తోమాసు ఏదో అన్నాడు. సైదా విరగబడి నవ్వాడు. ఏమన్నాడో! తన గురించేనా? పోయి చూద్దామని కాలు ముందుకు పడింది. స్టేషను వదిలి పోకూడదని గుర్తొచ్చింది. కాలు వెనక్కి తీసుకుని, పళ్ళు బిగబట్టి, మీట నొక్కాడు.

మొదట పట్టాలు సన్నగా జుమ్మన్నాయి. తర్వాత చక్రాల చప్పుడు. అరటి చెట్ల దగ్గర కేకలు. ట్యాంకు దగ్గర ఎత్తు వచ్చింది. చప్పుడు బరువెక్కింది, ఆగిపోతుందేమో అనిపించింది, ఆగలేదు. మలుపు తిరిగి ఇంజను మొహం చూపించింది.

ఇన్నేళ్ళూ బండి వెళ్ళడమే చూశాడు బసవేశ్వరరావు. పెట్టె దగ్గర కూర్చున్నవాడికి ఎప్పుడూ వీపే కనపడుతుంది. తన వైపు రావడం ఇదే మొదటిసారి. నల్లటి మొహం, మెరిసే ఇత్తడి, వెనక వంపు తిరిగి వస్తున్న పెట్టెల వరస. చూస్తూ చూస్తూ ఆపమని చెప్పడం ఇంచుమించు మర్చిపోయాడు. అవతలున్నవాడికి ఏమీ కనపడదు. ఇక్కడ తను కేక వెయ్యకపోతే బండి పోయి నిమ్మచెట్టు మొదలుకి గుద్దుకుంటుంది.

"ఆపరా సైదా!"

ఇంజను చెట్టుకి జానెడు దూరంలో ఆగింది. అవతల చప్పట్లు హోరెత్తాయి. ఆ హోరులోంచి సైదా గొంతు, పట్టలేని సంతోషంతో:

"ఎలా వచ్చిందిరా బసవా?"

బసవేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. అయినా వాడికి అంత తేలిగ్గా చెప్పబుద్ధి కాలేదు.

"వచ్చింది" అని అరిచాడు. "లేటు."